ఫైలు అడిగిన డాక్టరమ్మ

మా అమ్మమ్మ డాక్టర్ ఫిలోమినా చదివిన చదువుకీ, నేను ఇంటర్ రెండుసార్లు తప్పడానికీ సరిగ్గా సరిపోయింది. ఇంట్లో ఎవరో ఒకరు తూకం సరిచెయ్యాలి కదా. నేను జాకెట్లు కుడతాను. ఆవిడ పన్నెండేళ్లు పిల్లల డాక్టరుగా, పంతొమ్మిదేళ్లు ఒక ట్రస్టు ఆసుపత్రి సూపరింటెండెంటుగా చేసి పోయిన ఏడాది రిటైరయింది. పన్నెండేళ్ల గురించి అడిగితే కంచంలో అన్నం చల్లారేదాకా చెబుతుంది. పంతొమ్మిదేళ్ల గురించి అడిగితే, “ఏముందే, సంతకాలు” అంటుంది.

ఆ కుర్చీ ఆవిడ కోరుకున్నది కాదు. ఒక ఏడాది గోదావరి వరద ఆసుపత్రి కింది అంతస్తులోకి వచ్చేసింది. పెద్ద డాక్టర్లు ఫోన్లు పట్టుకుని తిరుగుతుంటే, అమ్మమ్మ కుచ్చిళ్లు బొడ్లో దోపి, నలభై మంది రోగుల్ని మంచాలతో సహా పైకి ఎక్కించింది. ఎవరిది ఏ మంచమో, ఎవరికి ఏ మందో పై అంతస్తు గోడ మీద బొగ్గుతో రాసింది. ఒక్క మాత్ర తారుమారు కాలేదు. నీళ్లు తీశాక ట్రస్టు పెద్దలు ఆ గోడ చూసి, ఇలాంటి మనిషిని దగ్గులకీ జ్వరాలకీ వాడటం దండగ అనుకున్నారు. ఒక ఆర్నెల్లు సూపరింటెండెంటుగా ఉండమన్నారు. పంతొమ్మిదేళ్లయినా ఆ ఆర్నెల్లు అవకుండానే రిటైర్మెంటు వచ్చేసింది.

సరిగ్గా చెయ్యలేదని కాదు. నర్సుల డ్యూటీలు, ఆక్సిజన్ గొట్టాలు, తనిఖీలు, ఒకే ఆపరేషన్ గది కోసం ఇద్దరు సర్జన్ల తగువు, అన్నీ ఆవిడ బల్ల దగ్గరే తేలేవి. కరోనాలో మంచం దొరికిందంటే ఆవిడ చలవే అని ఇప్పటికీ చెప్పుకుంటారు. కాకపోతే ఇదివరకు ‘డాక్టరమ్మగారూ’ అన్నవాళ్లు ‘మేడంగారూ’ అనడం మొదలెట్టారు. డాక్టరమ్మకి చెయ్యి చాపేవాళ్లు. మేడంగారికి కాయితం చాపారు.

దానికి కారణమూ ఆవిడే. ఒకసారి ఒకే పేరున్న ఇద్దరు పిల్లల్లో ఒకరి ఇంజక్షను ఇంకొకరికి ఇవ్వబోయి చివరి క్షణంలో ఆగారు. మర్నాడే అమ్మమ్మ రూలు పెట్టింది. ఫైలు చూడనిదే ఏ డాక్టరూ రోగిని ముట్టుకోకూడదు. ఆధార్ జిరాక్స్, రేషన్ కార్డు జిరాక్స్, పాత చీటీలు, అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో ఉండాలి. ఆ రూలు ఎంత బాగా పట్టిందంటే, మా యానాంలో ఇప్పుడు ఎవరికైనా దగ్గొస్తే మందుల షాపు కంటే ముందు జిరాక్స్ షాపుకి వెళ్తారు.

రిటైరయ్యాక అగ్రహారంలో మా ఇంటి ముందుగది కడిగించి, రోగుల్ని చూడటానికి బల్ల వేయించింది. బోర్డు రాసింది నేనే. అప్పుడే కాకినాడలో కొత్తగా కడుతున్న ఒక పెద్ద ఆసుపత్రి వాళ్లు మెడికల్ డైరెక్టరుగా రమ్మన్నారు. కారు, ఏసీ గది, మళ్లీ సంతకాలు. నెలాఖరులోగా చెప్పమన్నారు.

“ఒక్కరంటే ఒక్కరు జబ్బుతో నా దగ్గరికొస్తే ఇక్కడే ఉండిపోతానే,” అంది అమ్మమ్మ. “రాకపోతే నేను డాక్టర్ని కానని ఊరే చెప్పినట్టు.”

మొదటి వారం పదకొండు మంది వచ్చారు. అందరూ ఆరోగ్యంగా ఉన్నారు. ఒకాయనకి కోడలి నర్సు ఉద్యోగానికి మాటసాయం కావాలి. ఇంకొకావిడకి పుదుచ్చేరి పెద్దాసుపత్రికి ఓ ఫోను కావాలి. తర్వాత రొయ్యల చెరువుల దగ్గర పనిచేసే సత్తిబాబు వచ్చాడు.

“ఒంట్లో ఎలా ఉంది?” అమ్మమ్మ ఆశగా అడిగింది.

“నాకేటండి మేడంగారూ, గుండ్రాయిలా ఉన్నాను. మావోడికి జొరమొచ్చిందని ఓ సెలవు చీటీ రాసిత్తారేమోనని.”

“ముందు వాణ్ణి తీసుకురా, చూస్తాను.”

“ఆడు గోవాలో ఉన్నాడండి.”

“అమ్మమ్మా, బోర్డు కింద ‘ఆరోగ్యవంతులకు మాత్రమే’ అని రాయనా?” అన్నాను.

“నోర్ముయ్యవే,” అంది. నవ్వలేదు. స్టెతస్కోపు తుడిచి, మళ్లీ తుడిచి, పన్నెండు దాటినా వీధి వైపు చూస్తూ కూర్చుంది.

నెలాఖరు ఇంకా రెండ్రోజులుందనగా ఫరంపేట నుంచి నాగదుర్గ వచ్చింది. వీధి వీధి తిరిగి చేపలమ్మే మనిషి. గంప మెట్ల దగ్గర దించి, గుమ్మం పట్టుకుని రొప్పుతోంది. చేతిలో కవరు లేదు. నా కుట్టుమిషను దానంతటదే ఆగిపోయింది.

“డాక్టరమ్మగారూ, పది రోజుల్నించీ దగ్గండి. పడుకోనివ్వట్లేదు. మా పిల్లకి చిన్నప్పుడు మీరే గదండీ చూసింది. మీరైతే చెయ్యట్టుకుని చెబుతారని వొచ్చాను.”

అమ్మమ్మ మొహం వెలిగిపోయింది. ముందుకి వంగి చెయ్యి చాపింది. చాపి,

“ఫైలేదీ?” అంది.

ఆ మాట ఎవరన్నారో ఆవిడకే అర్థం కానట్టు చూసింది. నాగదుర్గ కంగారు పడిపోయింది.

“అయ్యో, తేలేదండి. తప్పయిపోయింది. ఇప్పుడే తెచ్చేత్తాను.”

అమ్మమ్మ నోరు తెరిచేలోగా గంప కూడా వదిలేసి వెళ్లిపోయింది.

చాపిన చెయ్యి చాపినట్టే బల్ల మీద ఉండిపోయింది. ఇలాంటప్పుడు వెక్కిరించడం నా హక్కు. ఆ రోజు మాత్రం లేచి వెళ్లి నాగదుర్గ గంప నీడలోకి జరిపాను.

“దానికి ఆయాసంగా ఉందే,” అంది అమ్మమ్మ మెల్లగా. “ఆయాసపడే మనిషిని జిరాక్సులకి తిప్పాను.”

“వస్తుందిలే.”

“రాకపోతే?”

స్టెతస్కోపు మెళ్లో వేసుకుని, కంగారులో నా చెప్పులు తొడుక్కుని వీధిలోకి దిగింది. నేను వట్టికాళ్లతో వెనకాల పరిగెత్తాను.

మలుపులో ప్రవీణ్ జిరాక్స్ షాపు. నలుగురి వెనక నాగదుర్గ నిలబడి ఉంది. నడుము సంచిలోంచి తీసిన ఆధార్ కార్డు పట్టుకుని, కొంగు అడ్డం పెట్టి దగ్గు ఆపుకుంటోంది.

“ఒక్క నిమిషమండి, ఇదైపోతే వొచ్చేత్తాను...”

“అది ఎవరిక్కావాలి? చెయ్యి ఇలా ఇవ్వు.”

“ఇక్కడాండీ?”

“ఇక్కడే.”

ప్రవీణ్ వేసిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నాడి పట్టుకుంది. వాచీ చూస్తూ పెదాలు కదిపింది. తర్వాత వీపు మీద స్టెతస్కోపు పెట్టి, “గట్టిగా ఊపిరి తియ్యి” అంది. వరుసలో ఉన్నవాళ్లు కూడా తీశారు. ఎడమవైపు కింద చప్పుడు తేడాగా ఉందని, ఈరోజే ఎక్స్‌రే తీయించాలని చెప్పింది. ఏ మందు ఎప్పుడు వేసుకోవాలో, ఎండలో ఎందుకు తిరగకూడదో చెబుతూనే ఉంది. మళ్లీ పట్టుకున్న చెయ్యి మాత్రం వదల్లేదు. నాగదుర్గ కూడా లాక్కోలేదు.

కాకినాడ వాళ్లకి రానని చెప్పేసింది. నాగదుర్గ మందులు వాడి తేరుకుంది. ఇప్పుడు రోజుకి ముగ్గురో నలుగురో వస్తారు. సగం మంది ఇంకా మేడంగారూ అనే అంటారు, కవర్లు తెస్తారు. కొన్ని రోజులు ఎవరూ రారు. అప్పుడు నేను కుట్టు ఆపి, వెళ్లి ఎదురుగా కూర్చుని చెయ్యి చాపుతాను.

“నీకేం రోగమే?”

“ఏమో, చూసి చెప్పు.”

చూస్తుంది. వాచీ చూసుకుంటూ, నిండా ఒక నిమిషం.