రోజుకు పదిహేడు మాటలు

పునీత్‌కు రెండేళ్ళు నిండి మూడు నెలలైంది. వాడికి వచ్చిన మాటలు ఐదే. చెవులకు ఏ లోపమూ లేదని తేల్చాక డాక్టర్ జరీనా అడిగింది, "పగలు వీడితో ఎవరుంటారు?"

"నేనే మేడమ్. ఇంటి నుంచే పని. ఒక్క పూట కూడా ఎవరి దగ్గరా వదల్లేదు," అంది తల్లి అనూష, కాస్త గర్వంగానే.

"ఉంటారు సరే. మాట్లాడతారా?"

బెంగళూరు కుందలహళ్ళిలోని ఇల్లు చేరేదాకా ఆటోలో అనూష ఆ ప్రశ్ననే తిప్పి తిప్పి వేసుకుంది.

బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసింది. మందులు వాడినవాళ్ళకు వచ్చిన ఇబ్బందుల గురించిన నివేదికలు చదివి నమోదు చేయడం ఆమె ఉద్యోగం. దద్దుర్లు, కళ్ళు తిరగడం, పసిపిల్లల్లో ఫిట్స్. రోజంతా ఇవే చదివే తల్లికి బిడ్డ తుమ్మినా గుండె జారుతుంది. అందుకే ఆఫీసు రమ్మన్నప్పుడు బతిమాలి ఇంట్లోనే ఉండిపోయింది. వైట్‌ఫీల్డ్ రోడ్డు మీద ఆఫీసుకు వెళ్ళిరావడానికి పట్టే రెండు గంటలు రోజూ మిగిలాయి. బిడ్డకు వేళకు వేడన్నం, మధ్యాహ్నం కళ్ళెదుటే నిద్ర. భర్త మంజునాథ్ ఆరింటికి యలహంకలో డ్యూటీకి వెళ్తే మళ్ళీ చీకటి పడ్డాకే. ఇంట్లో ఒక్కరైనా ఉన్నారు కదా అనుకునేవాళ్ళిద్దరూ.

మర్నాడు, సైన్సు చదివిన మనిషి చేసే పనే చేసింది. ఫ్రిజ్‌కు ఒక కాగితం అంటించి, బిడ్డతో అన్న ప్రతి మాటకూ ఒక గీత పెట్టింది. సాయంత్రానికి పదిహేడు గీతలు. తొమ్మిదిసార్లు "ష్!" నాలుగుసార్లు "అమ్మకు మీటింగ్ రా." మూడుసార్లు "ఉండు." మిగిలిన ఒక్కటి "నోరు తెరువు," అన్నం పెట్టేటప్పుడు.

మైకు తెరిచిన ప్రతిసారీ పెదవుల మీద వేలు పెట్టి చూపించేది. ఇప్పుడు ల్యాప్‌టాప్ మోగితే చాలు, వాడే వేలు పెట్టుకుంటున్నాడు. ఎంత బుద్ధిమంతుడో అని పోయిన నెల మంజునాథ్‌కు ఫొటో కూడా పంపింది.

"అనూషా! ఇంట్లోనే ఉండావు గదమ్మా? మోటారు ఆపేకి కాదా? నీళ్ళు పొర్లి అంగట్లోకి వస్తా ఉండాయి!"

కింద అంగడి నడిపే ఇంటి యజమానురాలు మునిలక్ష్మమ్మ కేక. ఇంట్లో ఉండే మనిషి కాబట్టి మూడంతస్తుల మోటారూ అనూష నెత్తినే పడింది. దిగి వెళ్ళి ఆపింది. ముఖం చూసి ఆమె గుచ్చి గుచ్చి అడిగితే, అంతా చెప్పేసింది.

"అంతేనా! పగలు కొంచేపు నా దగ్గర ఇడువు. నేను వాగతానే ఉంటాను గదా."

"నువ్వు వాగేదానికి బేరాలే పారిపోతా ఉండాయి," అన్నాడు అరటిపండ్లకు వచ్చిన నారాయణప్ప.

"నువ్వు పారిపోలేదే అప్పా, గంట నుంచీ ఈడనే ఉండావు!"

అనూష మాత్రం నవ్వలేకపోయింది. రోడ్డు మీద బైకులు, దుమ్ము, డబ్బాల్లో వేరుశెనగలు. "ఆంటీ, శెనగలు మాత్రం ఇవ్వకండి ప్లీజ్. గొంతులో అడ్డం పడతాయి."

"నలుగుర్ని పెంచినాను తల్లీ. నువ్వు పోయి పని చూసుకో."

పది నుంచి ఒంటిగంట దాకా అని ఒప్పందం. మొదటిరోజు ఆరుసార్లు బాల్కనీలోకి వచ్చి తొంగిచూసింది. వాడు బియ్యం మూట మీద మూతి బిగించుకుని కూర్చునే ఉన్నాడు. మైకు ఎంతసేపు తెరిచినా భయం లేదు. టీ వేడిగా తాగింది. ఇల్లు మాత్రం బావురుమంది.

తొమ్మిదో రోజు ఒంటిగంటకు దిగి ఎత్తుకోబోతే, వాడు మూటను గట్టిగా పట్టుకున్నాడు.

"బేడ," అన్నాడు స్పష్టంగా, కన్నడంలో. వద్దట.

"అమ్మనే పొమ్మంటాడే వీడు!" నారాయణప్ప పకపకా నవ్వాడు.

"ఊరుకో అప్పా. ఆయమ్మ కండ్లు చూడు ఎట్లుండాయో," కసిరింది మునిలక్ష్మమ్మ.

ఏడవాలో నవ్వాలో అనూషకు తెలియలేదు. వచ్చిన కొత్త మాట తననే వద్దంటోంది. పది నిమిషాల్లో మీటింగ్. అయినా అంగడి మెట్టు మీదే కూర్చుంది.

"ఏం బేడ నాన్నా? అమ్మ బేడా? అన్నం బేడా?"

వాడు మూట మీంచి తలెత్తాడు.

"అన్నం బేడ."

రెండు మాటలు, మొదటిసారి ఒకదాని పక్కన ఒకటి. పైన ల్యాప్‌టాప్ మోగుతోంది. అనూష లేవలేదు.

"మరేం కావాలి?" అని అడిగి, వాడు చెప్పేదాకా కూర్చుంది.