గోడ మీది తీగ

ముప్పై ఏళ్లు సిటీ బస్సు నడిపిన ఆ డ్రైవరుకు పక్షవాతం వచ్చి తగ్గాక ఎడమచేతి వేళ్లు కర్రల్లా బిగుసుకుపోయాయి. వేళ్లకు పని పెట్టమని డాక్టరు చెబితే, కోడలు ఊలు ఉండ, రెండు సూదులు తెచ్చి పక్కన కూర్చుంది. "తొందరపడకండి మామయ్యా, ఇక్కడ వెనకనుంచి హారన్ కొట్టేవాళ్లెవరూ లేరు" అంది. మొదటి నెలంతా అల్లడం కంటే విప్పడమే ఎక్కువైంది. తర్వాత పట్టు చిక్కింది. మనవరాలి స్వెట్టరుకు కోడలి అల్లికల పుస్తకంలోని పువ్వులు ఆయనకు నచ్చలేదు. కళ్లు మూసుకుని ఏదో గుర్తు చేసుకుంటూ, గళ్ల కాగితం మీద ఆకులు గీసుకుని, వాటిని చూసి అల్లేవాడు. తలుపు చప్పుడైతే మాత్రం సూదులతో సహా అంతా దుప్పటి కింద దాచేసేవాడు.

ఒక మధ్యాహ్నం, ఆయనతో పదిహేనేళ్లు పనిచేసిన కండక్టరు చెప్పాపెట్టకుండా వచ్చాడు. దుప్పటి కిందనుంచి ఊలు ఉండ దొర్లుకుంటూ వెళ్లి అతని కాళ్ల దగ్గర ఆగింది. "ఏంట్రా ఇది! రేపు గాజులు కూడా తొడుక్కుంటావా?" అని పగలబడి నవ్వాడు. డ్రైవరు ముఖం కందిపోయింది. అయినా దుప్పటి తీసి, సగమైన స్వెట్టరును అతని ఒళ్లో పెట్టాడు. కండక్టరు నవ్వు ఆగిపోయింది. ఆకుల్ని బొటనవేలితో నెమ్మదిగా నిమిరాడు. "ఒరేయ్, ఇది మన డిపో గోడ మీద పాకే తీగ కదరా! పురుగు తిన్న ఆకును కూడా వదల్లేదే!" అన్నాడు. నిజానికి అక్కడ ఒక కుట్టు జారిపోయి చిల్లు పడింది. "అవునురా, ఆ గోడకి పురుగులెక్కువ కదా" అంటూ డ్రైవరు స్వెట్టరు తిరిగి తీసుకుని, అతను చూస్తుండగానే తర్వాతి వరస మొదలుపెట్టాడు.