ఎక్కువైన పట్టీ

మా బడిలో కరెంటు గంట ఉంది. కరెంటు పోయిన రోజు మాత్రం అటెండరు సత్తెమ్మ వరండాలో వేలాడే ఇనుప పట్టీని సుత్తితో కొడుతుంది. ఈ రోజు పొద్దున కొట్టింది. ఆ మోత ఠంగుమని అక్కడే ఆగిపోయేది కాదు. లోపల ఏదో వణుకుతున్నట్టు సన్నగా చాలాసేపు సాగుతుంది. అది చెవిన పడితే చాలు, చేస్తున్న సంతకం సగంలో ఆగిపోతుంది. ముక్కుకు గ్రీజు వాసన తగులుతుంది, ఎండిన చెరువు దుమ్ము గొంతులోకి వచ్చినట్టుంటుంది. చీర కొంగు నడుముకు చెక్కుకుని బండి కిందికి తొంగి చూస్తున్న ఖుర్షీద్ మేడం కనబడుతుంది. ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఆమెను చూడనివాళ్లకు ఆమె గురించి చెప్పడం నాకు సరిగ్గా చేతకాదు గానీ, ఆ పట్టీ సంగతి చెప్తే సగం మనిషి తెలిసిపోతుంది.

ఎనభైల నడుమ నేను కల్వకుర్తిలో ఆడపిల్లల బడికి లెక్కల టీచరుగా వెళ్లాను. మాది పోచంపల్లి, నేతపని ఇల్లు. బస్సు దిగి ట్రంకుపెట్టె మోసుకుంటూ బడి గేటు దగ్గరికి వచ్చేసరికి అక్కడ ఎర్రటి చిన్న కారు ఆగి ఉంది. పైన కప్పు లేదు, ఉన్నవి రెండే సీట్లు. దాని కింద నుంచి రెండు కాళ్లు, చీర కుచ్చిళ్లు బయటికి కనబడుతున్నాయి. ఎవరో బండి కింద పడ్డారనుకుని పెట్టె అక్కడే పడేశాను. అంతలో కింది నుంచే గొంతు వినిపించింది. కొత్త లెక్కల టీచరువా అని అడిగి, అవునంటే, అయితే జర టార్చి పట్టుకో అంది. అట్లా మా హెడ్‌మిస్ట్రెస్ ఖుర్షీద్ మేడంకు నేను మొదట టార్చి చూపించి, తర్వాత నమస్కారం పెట్టాను.

దేని అంతైనా తేల్చేదాకా ఆమెకు నిద్రపట్టేది కాదు. నా తరగతిలో ఒక పిల్ల రోజూ ఆలస్యంగా వచ్చేది. నిర్లక్ష్యం అని తేల్చేసి నేను బయట నిలబెట్టాను. మేడం ఆ సాయంత్రం ఆ పిల్ల వెంట ఇంటిదాకా నడిచి వెళ్లింది. వాళ్ల వాడకు ఒకటే బోరింగు, నీళ్ల వంతు వచ్చేదాకా పిల్ల కదలడానికి లేదు. మర్నాడు నన్ను పిలిచి కోప్పడుతుందేమోనని భయపడ్డాను. కోప్పడలేదు. "తప్పెవరిదని తర్వాత అడుగుదం పద్మా. ఎట్లయిందో ముందు చూద్దం," అంది. కానీ ఆమె ఇంట్లోనే ఒక తప్పు అప్పటికే తేలిపోయి ఉందని, దాని అంతు తేల్చలేక ఆమె లోపల లోపల నలుగుతోందని నాకు కొన్నాళ్ల తర్వాత తెలిసింది.

ఆ కారు వాళ్ల అబ్బాది, అంటే నాన్నది. ఆయన వకీలు. హైదరాబాదు వదిలి తన దేశం పోతున్న ఒక దొర దగ్గర ఎప్పుడో ముచ్చటపడి కొన్నాడట. ఒకసారి తుంపర పడుతుండగా శ్రీశైలం రోడ్డులో, ఊరు దాటాక వచ్చే కల్వర్టు మలుపు దగ్గర బండి తోక గిర్రున తిరిగి కందకంలో పడింది. ఆయన తొడ ఎముక విరిగి వంకరగా అతుక్కుంది. పోయేదాకా కుంటుతూనే తిరిగాడు. తొందర మనిషి, చేతులారా చేసుకున్నాడని అమ్మీ, అంటే మేడం తల్లి, ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేది. ఆయన కూడా, అవును, నా చెయ్యే తప్పింది అని నవ్వేసేవాడు. మళ్లీ స్టీరింగు ముట్టలేదు. ఆయన పోయాక మేడం ఆ బండి మీది టార్పాలిన్ తీసి, బాగు చేయించి, తోలడం మొదలుపెట్టింది. అదే మలుపులో, మెల్లగా పోతున్నా, బండి తోక విసురుగా పక్కకు జరిగింది. ఆ సంగతి చెప్తూ, "ఇద్దరి చేతులు ఒక్క తీరుగ తప్పుతయా?" అని నన్ను అడిగింది. ఆమెకు కావలసింది ఆ ఒక్క జవాబే. తప్పు అబ్బాదా, బండిదా.

ఎండాకాలం సెలవుల్లో నేను ఊరికి పోలేదు. నన్ను పొమ్మని ఎవరూ అనలేదు, నాకూ పోబుద్ధి కాలేదు, అంత కుతూహలం పుట్టింది. చెరువు ఎండి, నీళ్లు నిలిచే శిఖం భూమి అంతా మెత్తటి దుమ్ము. అక్కడ పెద్ద చుట్లు గీసి బండి తిప్పేవాళ్లం. బండి ఎంత ఒరుగుతోందో తెలియడానికి అద్దానికి దారం కట్టి తాళంచెవి వేలాడదీశాను, వెనక అట్టముక్క మీద గీతలు గీశాను. అన్నిటికన్నా మంచి సాక్ష్యం దుమ్ములోనే దొరికింది. మెల్లగా తిరిగినప్పుడు వెనక చక్రాల జాడ ముందు చక్రాల జాడకు లోపలి పక్క పడుతుంది. వేగం కొంచెం పెంచగానే వెనక జాడ బయటికి దాటిపోయేది. మేమిద్దరం మోకాళ్ల మీద కూర్చుని ఆ జాడలు చూస్తుంటే గొర్లు కాసేవాళ్లు ఏం పోగొట్టుకున్నారమ్మా అని అడిగేవారు.

ఊళ్లో సలహాలకు కొదవా? వెనక బరువు చాలట్లేదు, అందుకే జారుతోంది అన్నారు. సీట్ల వెనక జొన్న బస్తాలు వేసి తిప్పాం. తోక ఇంకా పెద్ద విసురు విసిరింది, ఒక బస్తా పగిలి జొన్నలు దుమ్ములో కలిశాయి. మేడం నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. తర్వాత షాకబ్జర్లు పాతబడ్డాయని కొత్తవి వేయించింది. ఎగిరెగిరి పడటం తగ్గింది గానీ జారడం పోలేదు. ఆ సాయంత్రం ఊరికే మాటల్లో మా మగ్గం సంగతి చెప్పాను. పడుగు ఒకచోట బిగువెక్కితే బట్ట వంకర పోతుంది. కొత్తవాళ్లు వదులుగా ఉందేమోనని ఇంకా బిగిస్తారు, మా నాయిన వచ్చి తిడతాడు అన్నాను. మేడం చాయ్ కప్పు కింద పెట్టేసింది. ఇద్దరం పరుగున పోయి బండి వెనక భాగం మీద ఎక్కి కూర్చున్నాం. నేను బక్కదాన్నే గానీ మేడం బక్కది కాదు. అయినా బండి కిందికి దిగలేదు. ముందు పక్క చేత్తో నొక్కితే దిగింది.

మర్నాడు బస్టాండు చివర యాదగిరి దుకాణానికి తీసుకెళ్లాం. లారీలకు కమాన్లు కట్టే దుకాణం. కమాన్ అంటే చక్రాల మీద బండిని మోసే ఉక్కు పట్టీల కట్ట. విల్లులా వంగి ఉంటుంది, గతుకు వస్తే సాగుతుంది, మళ్లీ ముడుచుకుంటుంది. యాదగిరి వెనక కట్టలు రెండూ విప్పి పట్టీలు వరసగా నేల మీద పరిచాడు. రెండు కట్టల్లోనూ ఒక్కొక్క పట్టీ తక్కినవాటికన్నా మందంగా, వేరే రంగులో ఉంది. అతను దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూసి పక్కన పెట్టేశాడు. మేడం గుచ్చి గుచ్చి అడిగితే, "గిది ఈ బండిది కాదు మేడం, జీపుది. మా నాయిన కోసి ఏసిండు. సుత్తి పట్టింది నేనే," అన్నాడు. అబ్బా వేయించాడా అంటే తల అడ్డంగా ఊపాడు.

వేయించింది అమ్మీ. పెళ్లిళ్లకు, పేరంటాలకు ఆ కారులో పోయినప్పుడల్లా ఆమె ఎక్కగానే బండి వెనక భాగం కుంగేది. అమ్మీ భారీ మనిషి. బేగం కూర్చుంటే బండి కూడా కూర్చుంటుందని చుట్టాలు ఎగతాళి చేసేవారట, వాడలో పిల్లలు కూడా అదే మాట పట్టుకున్నారట. ఆ సిగ్గు తట్టుకోలేక ఒకరోజు, అబ్బా ఊళ్లో లేనప్పుడు, నౌకరుతో బండి పంపించి, తను రిక్షాలో వచ్చి, లారీలకు వేసినట్టు ఒక పట్టీ ఎక్కువ వేయండి, సాబ్‌కు చెప్పకండి అని బతిమాలిందట. బండి ఎత్తు నిలిచింది. వెనక బిగుసుకుపోయి, మలుపులో చక్రాలకు నేల అందకుండా పోయింది. కల్వర్టు దగ్గర పడింది ఆ తర్వాతి వానల్లోనే.

మేడం బోర్లించిన డ్రమ్ము మీద కూర్చుని ఆ పట్టీని ఒళ్లో పెట్టుకుంది. చేతులకు, చీరకు గ్రీజు అంటుతున్నా చూసుకోలేదు. అబ్బా చెయ్యి తప్పలేదు అని రెండు మూడుసార్లు తనలో తాను అనుకుని ఏడ్చింది. నాకు ఎగిరి గంతేయాలన్నంత సంతోషం వేసింది. ఇంటికి పోయి అమ్మీకి చెప్దాం పదండి అన్నాను. ఆమె నన్ను వింతగా చూసింది. "ఏమని చెప్పాలె? నీ సిగ్గుకు ఆయన కాలు పోయిందని చెప్పనా?" అంది. నా సంతోషం అక్కడే చల్లబడింది. ఒకరి మీది తప్పు తీస్తే అది ఇంకొకరి నెత్తిన పడుతుందని నేను అప్పటిదాకా ఆలోచించనేలేదు.

పని మాత్రం ఆగలేదు. ఎక్కువైన పట్టీలు తీయించాం. మిగిలినవాటిని యాదగిరి కొలిమిలో కాల్చి వంపు సరిచేసి, మధ్యన గ్రీజు పూసి కట్టాడు. ముందు చక్రాలు రెంటినీ కలుపుతూ అడ్డంగా ఒక ఉక్కు కడ్డీ వేస్తే బండి ఒరగడం తగ్గుతుందని మేడం పట్టుబట్టింది. తోక జారితే ముక్కుకు కట్టు కడతారా అని నేను వెక్కిరించాను. శిఖంలో తిప్పి చూస్తే వెనక జాడ బుద్ధిగా లోపలి పక్కనే పడింది, నా నోరు మూతపడింది. తీసేసిన పట్టీల్లో ఒకటి మేడం బడి వరండాలో వేలాడదీయించింది. అంతకుముందున్న గంట పగిలి చాలా రోజులైంది.

బడులు తెరిచాక, తొలకరి చినుకులు పడ్డ ఒక సాయంత్రం, ఎట్లా ఒప్పించిందో గానీ మేడం అమ్మీని బండి దగ్గరికి తీసుకొచ్చింది. ఆమె ఆ బండి ఎక్కి ఏళ్లు గడిచాయి. సీట్ల వెనక సామాను పెట్టే ఇరుకు జాగాలో నేను మడుచుకుని కూర్చున్నాను. వాళ్లిద్దరూ ఇంట్లో ఉర్దూలో మాట్లాడుకునేవారు. నేనుంటే నా కోసం తెలుగులోకి వచ్చేవారు. అమ్మీ ఎక్కగానే బండి మెత్తగా కిందికి దిగింది. ఆమె ముఖం కందిపోయింది. వాకిట్లో ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి దిగిపోబోయింది. మేడం ఆమె చెయ్యి పట్టుకుంది.

"కూసోనీ అమ్మీ. కూసుంటెనే అది రోడ్డును పట్టుకుంటది."

కల్వర్టు మలుపు వచ్చింది. రోడ్డు తడిసి ఉంది. నేను కళ్లు మూసుకున్నాను, నిజం చెప్పాలంటే కల్మా తప్ప అన్నీ తలుచుకున్నాను. బండి కొంచెం ఒరిగి, చప్పుడు లేకుండా తిరిగిపోయింది. మలుపు దాటాక మేడం పక్కకు తీసి ఆపింది. అమ్మీ వెనక్కి తిరిగి ఆ కందకం వైపు చాలాసేపు చూసింది.

"ఆ పట్టీ ఏం జేసినవు బేటీ?" అంది.

మేడం చేతులు స్టీరింగు మీదే ఉండిపోయాయి. బడిల గంటగ కట్టించిన, అమ్మీ, అంది మేడం, మామూలు గొంతుతోనే. అందుకేనా, ఈ మధ్య గంట మోత ఇంటిదాకా వస్తాంది అని అమ్మీ నవ్వబోయి ఏడ్చేసింది. ఆయన ఉన్నప్పుడే చెప్పాలనుకుందట. పడిన రోజునుంచీ అనుమానమే, కానీ నోరు రాలేదట. నోరు రాకనే నెపం ఆయన మీద పెడుతూ వచ్చిందట, అందరి ముందూ, అన్నేళ్లు.

మేడం కొంగుతో ఆమె ముఖం తుడిచింది. "రోజు తుడుసుకునే బండి ఎత్తు పెరిగితె అబ్బాకు తెల్వకుంట ఉంటదా అమ్మీ?" అంది.

అమ్మీ ఏడుపు ఆపి కూతురి ముఖంలోకి చూసింది. నేనూ చూశాను. నా చెయ్యే తప్పింది అని నవ్వేసే ఆ మనిషిని నేను ఎన్నడూ చూడలేదు, కానీ ఆ క్షణాన ఆయన అక్కడే ఉన్నట్టనిపించింది. ఆయనకు నిజంగా తెలుసా, లేక తల్లిని ఊరడించడానికి మేడం అన్న మాటా? తర్వాత ఒకసారి అడిగాను. నాకూ తెల్వదు పద్మా, తెలుసుకోవాలని మాత్రం మస్తు ఉంది అంది. తొంభైల్లో బడికి కరెంటు గంట వచ్చినప్పుడు, నేను వేరే బడికి బదిలీ అయిపోతుంటే, ఆ పట్టీ విప్పించి నా ట్రంకుపెట్టె మీద పెట్టించింది.

ఈ రోజు సత్తెమ్మ గంట కొట్టాక, సైన్సు సార్ ఏడో తరగతి పిల్లను ఒకదాన్ని నా గదికి తీసుకొచ్చాడు. సైన్సు గదిలో అద్దం బీరువా పగిలిందట. ఈ పిల్లే పగలగొట్టింది మేడం, తనే ఒప్పుకుంది కూడా, ఇంక విచారణ అక్కరలేదు అన్నాడు. పట్టీ మోత నా చెవిలో ఇంకా సన్నగా వినిపిస్తూనే ఉంది. ఒప్పుకున్నవాళ్ల దగ్గరే నాకు అనుమానం ఎక్కువ. సార్‌ను తరగతికి పంపించి, స్టూలు నా పక్కకు లాగి, ఆ పిల్లను కూర్చోమన్నాను.

"ఎట్లయిందో చెప్పు బిడ్డా," అన్నాను.