బా సోఫాకు బొంత కుట్టిన వైనం

ఆ రోజుల్లో మూతికి గుడ్డ కట్టుకుని తిరగడం వల్ల నాలాంటి వాళ్లకు ఒక మేలు జరిగింది. ఎన్ని గొప్పలు చెప్పినా పెదవుల వణుకు ఎదుటివాళ్లకు కనిపించేది కాదు. నాకప్పుడు ఇరవయ్యేళ్లు. తెలంగాణ నుంచి బతకడానికి వచ్చి, సూరత్‌లో, నవాగామ్‌లో, బా వాళ్ల మేడ మీది గదుల్లో అద్దెకుండేవాళ్లం. (బా అంటే గుజరాతీలో అమ్మ. మా ఇంటి యజమానురాలిని వీధి వీధంతా అలాగే పిలిచేది.) లాక్‌డౌన్‌తో మా బాపు, అంటే నాన్న, పనిచేసే మగ్గాల కార్ఖానా మూతపడింది. అమ్మా నేనూ ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అతికించే పనీ ఆగిపోయింది. చేతికి పని లేదు గానీ ఫోన్లో నెట్ ఉంది. పాత కుర్చీలను కొత్తగా మార్చే వీడియోలు చూసి చూసి, ఒక్క మేకైనా కొట్టకుండానే ఆ విద్యలో ఆరితేరిపోయాను.

బా ఇంట్లో ఆమె పెళ్లినాటి టేకు సోఫా ఒకటి ఉండేది. ప్రతి దీపావళికీ గోడలకు వేయగా మిగిలిన రంగు దానికి పూసేవారు. చివరికి అది చెక్కో ఇనుమో తెలియకుండా పోయింది. కింద నవారు తెగి, కూర్చున్న మనిషి లోపలికి దిగిపోయేవాడు. అప్పుడే బా మనవరాలికి పెళ్లి కుదిరింది. కరోనా వల్ల హాలు రద్దయి, కొద్దిమందితో డాబా మీదే పెళ్లి. తను పెళ్లికూతురై కూర్చున్న సోఫా మీదే మనవరాలూ కూర్చోవాలని బా పట్టు. దాన్ని పాత సామాన్ల వాడికి ఇచ్చేసి, అద్దెకు ప్లాస్టిక్ సింహాసనం తెస్తానని ఆమె కొడుకు. బా కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేను ఆగలేక, "నేను బాగుచేస్తాను బా, కొత్తదానికన్నా బాగా" అని గుజరాతీలో అనేశాను.

అమ్మ గదిలోకి లాక్కెళ్లి తలుపేసింది. "ఏందే, నీకేమొస్తదని ఒప్పుకున్నవ్? గది ఆమె పెండ్లి సోఫా. కరాబైతే ఆమెకు మొకమెట్ల చూపిస్తం?"

"వీడియోల సూసిన అమ్మా, ఈజీనే."

"వీడియోలు సూసి నేను గూడ విమానం నడుపుత."

అయినా డాబా మీద పని మొదలైంది. ఖాళీగా ఉన్న బాపు, ఆయన తమ్ముడు కాక కూడా తలో గరుకు కాగితం పట్టుకున్నారు. పచ్చ రంగు కింద నీలం, నీలం కింద గులాబీ, అన్నిటి కిందా తేనెరంగు టేకు. చేతుల మీద చెక్కిన చిలకలకు ముక్కులు బయటపడిన రోజు నేను మేడంతా గంతులేశాను. తెగిన నవారు తీసి కొత్తది బిగించాం. తర్వాత లక్కను స్పిరిట్‌లో కరిగించి పాలిష్ తయారుచేశాను. (ఆ వాసనకు కాక దాన్ని శానిటైజర్ అనుకుని రెండు చేతులకూ శుభ్రంగా రాసుకున్నాడు. "ఇదేం శానిటైజరే, చెయ్యి చెయ్యిని ఇడుస్తలేదు!" అంటూ వచ్చాడు. ఆయన అరచేతులకు వచ్చిన మెరుపు సోఫాకు రావడానికి చాలా కష్టపడాల్సి వచ్చింది.)

ఇక బట్ట. ఆ విషయంలో మాకెవరూ చెప్పక్కర్లేదనుకున్నాం. ఇంటిల్లిపాదీ చీరల మీద బతికేవాళ్లం. మెరిస్తే మంచి బట్ట, ఇంకా మెరిస్తే ఇంకా మంచి బట్ట, మాకు తెలిసిన లెక్క అదే. బాపు ఎప్పటినుంచో దాచుకున్న మెరూన్ శాటిన్ తీసి, "గిది సూడు, ఈగ వాలినా జారుతది" అన్నాడు గర్వంగా. కొబ్బరిపీచు, దూది నింపి, దాని మీద శాటిన్ బిగించి ఇత్తడి మేకులు కొట్టాను. సోఫా ధగధగలాడింది.

ఎల్లుండి పెళ్లనగా పొద్దున్నే బా కొడుకు పరీక్షకు వచ్చాడు. భారీ మనిషి. దర్జాగా కూర్చున్నాడు. కూర్చున్న భంగిమ చెదరకుండానే మెల్లగా ముందుకు జారి నేల మీదికి వచ్చాడు. లేచి మళ్లీ కూర్చున్నాడు, మళ్లీ వచ్చాడు. "పట్టుచీర కట్టుకున్న పెళ్లికూతురి గతేమిటి? రేపు పొద్దున సామాన్ల వాణ్ణి పిలుస్తున్నా" అని వెళ్లిపోయాడు. బా చిలక ముక్కును నిమిరి నెమ్మదిగా మెట్లు దిగిపోయింది. ఆమె తిట్టినా నాకు అంత బాధ కలిగేది కాదు. అక్కడే కూలబడి ఏడ్చాను.

"ఏడ్సుడు ఆపు" అంది అమ్మ. "పెట్టెల నా నూలు చీరలున్నయి, తే. బొంత కుడుదాం."

"సోఫాకు బొంతా? నవ్వుతరమ్మా!"

"జారి పడ్డంక నవ్వుడు కంటె నయమే."

అమ్మ తన ఎర్ర చీరా, పసుపు చీరా మడతల మీద మడతలుగా పరిచింది. పక్క గదుల్లోని మనవాళ్ల ఆడవాళ్లు సూదులు పట్టుకుని చుట్టూ కూర్చున్నారు. గింజకు గింజ ఆనించినట్టు దగ్గర దగ్గరగా కుట్లు. నేను మేకులన్నీ పీకాను. దీపాలు పెట్టే వేళకు శాటిన్ అంచుల్లో సన్నటి పట్టీగా మాత్రమే మిగిలి, సోఫా నిండా బొంత పరుచుకుంది.

మర్నాడు బా కొడుకు రెండు చిలకల తలలూ గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. జారలేదు. చేతులు వదిలాడు. ఊగాడు. చివరికి కాళ్లు కూడా పైకెత్తి చూశాడు, కదల్లేదు. వెనకే వచ్చిన సామాన్లవాడు సోఫాను చూసి, "సేఠ్, దీన్నా అమ్మేది?" అని నోరెళ్లబెట్టాడు. "ఎవరన్నారు అమ్ముతానని!" అంటూ బా కొడుకు వాణ్ణి గేటు దాకా తరిమాడు.

పెళ్లి జరిగింది. వచ్చిన ప్రతివాళ్లూ ఏ షాపులో చేయించారని అడిగారు. బా ఆ కుట్లు తడిమి, "ఇది గోదడీ కదా! మా అమ్మ కుట్టేది" అని పసిపిల్లలా నవ్వింది. (గోదడీ అంటే మన బొంతే.) వధూవరులు లేవగానే బా మా అమ్మ చెయ్యి పట్టుకుని సోఫా దగ్గరికి తీసుకెళ్లింది. ఇన్నేళ్లలో అమ్మ ఆ ఇంట్లో గడప పక్కన నేల మీద తప్ప కూర్చోలేదు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ రమ్మననూ లేదు. "వద్దు బా" అని అమ్మ వెనక్కి తగ్గబోతే, "నువ్వు కుట్టినదాని మీద నువ్వు కూర్చోకపోతే ఎలా?" అని బా పక్కనే కూర్చోబెట్టుకుంది. అమ్మ ముందు అంచు మీద కూర్చుంది. కాసేపటికి వెనక్కి వాలింది.

ఇప్పుడు నాకు ఇదే పని, సొంతంగా చిన్న షాపుంది. ఎవరు సోఫా తెచ్చినా బట్ట ఖాయం చేసేముందు దాన్ని సీటు మీద పరిచి, కూర్చుని చూస్తాను. ఆ ఇరవయ్యేళ్ల పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది, దాని తెగువ మీద కాస్త అసూయగానూ ఉంటుంది. ఇవాళ ఎవరైనా అలాంటి పెళ్లినాటి సోఫా తెచ్చి, ఎల్లుండికి కావాలంటే, కుదరదండీ అనేస్తాను.