‘సెట్’కు నేను కల్పించిన మూడు అర్థాలు

మొన్న ఆధార్ కార్డు నకలు తీయించుకుందామని దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్తంభాల వెనక సందులో ఉన్న జిరాక్సు దుకాణానికి వెళ్ళాను. నా ముందు ఇరవయ్యేళ్ళ అమ్మాయి ఒకతె కట్టెడు నోట్సు నకలు తీయించుకుంటున్నది. యంత్రంలోంచి ఒక్కొక్క కాగితమే జారి పడుతుంటే ఊరికే చూస్తూ నిలబడ్డవాణ్ని, నాలుగో కాగితం దగ్గర ముందుకు వంగి చూశాను. అంచులు నల్లబడి, అక్షరాలు సగం చెరిగి, నకళ్ళకు నకళ్ళకు నకలైన ఆ కాగితం మీద ఉన్నది నా దస్తూరీ. ఇంగ్లీషు ‘టీ’ అక్షరం మీది అడ్డగీతను కుడివైపు పైకి ఎత్తి రాసే దురలవాటు నాకు తప్ప ఇంకెవరికీ ఉండగా నేను చూడలేదు.

నెత్తిన పెద్ద అక్షరాలతో ‘సెట్ – యాభై అర్థాలు’ అని ఉంది. చివరి మూడూ కంటబడగానే ఉండబట్టలేక, అమ్మా, ఆఖరి మూడూ తప్పు, కొట్టెయ్యి, అవి రాసింది నేనే అని చెప్పేశాను. ఆ అమ్మాయి నన్ను ఎగాదిగా చూసింది. “ఏంది అంకుల్ గట్లంటరు? మా కోచింగ్‌ల అందరం గివే చదువుతున్నం” అని, నా మాట అక్కడే తేల్చేద్దామన్నట్టు ఫోను తీసి వెతికి తెర నా మొహం ముందు పెట్టింది. “చూడుండ్రి, గీడ గూడ ఉంది!” నిజంగానే ఉంది. పరీక్షల వాళ్ళ కోసం ఎవరో పుణ్యాత్ముడు పెట్టిన పేజీలో నా యాభయ్యో అర్థం పొల్లుపోకుండా ఉంది. ఆధార్ సంగతి మరిచిపోయి అలాగే ఎల్‌బీ నగర్‌లోని మా ఇంటికి వచ్చిపడ్డాను.

మా ఈడు వాళ్ళకు ఆనాటి దిల్‌సుఖ్‌నగర్ గుర్తుండే ఉంటుంది. మేడమేడకూ ఒక కోచింగ్ బోర్డు, సందుకొక హాస్టలు, మా నల్లగొండ పల్లెల నుంచి వచ్చినవాళ్ళమూ కోస్తా నుంచి వచ్చినవాళ్ళూ ఒకే బల్ల మీద మోచేతులు తగిలించుకుంటూ ఇంగ్లీషుతో కుస్తీ పట్టిన రోజులవి. డిగ్రీ చేతబట్టుకుని ఉద్యోగం దొరక్క తిరుగుతున్న నాకు, దస్తూరీ గుండ్రంగా ఉన్న పుణ్యాన ఉద్యోగ పరీక్షలకు తయారుచేసే ఒక కోచింగ్ సెంటరులో నోట్సు రాసే పని దొరికింది. మా సారు చెప్పింది నేను తెల్ల కాగితం మీద రాయాలి, దాన్ని జిరాక్సు తీయించి అందరికీ పంచాలి. మా సెంటరు పేరుమోసిందే ఒక గొప్పతో. రోజుకొక చిన్న ఇంగ్లీషు మాట, ఆ మాటకు యాభై అర్థాలు. యాభై అంటే యాభయ్యే, ఒకటి తగ్గినా మా సారుకు పరువు పోయినట్టే.

ఒకనాడు సారుకు జ్వరం వచ్చి, మర్నాటి మాట ‘సెట్’ అని, డిక్షనరీ చూసి నన్నే రాసి పెట్టమని కబురు పంపారు. భోజనం చేసి కూర్చున్నాను. సూర్యుడు కుంకినా సెట్టే, పెరుగు తోడుకున్నా సెట్టే, విరిగిన ఎముక సరిచేసి కట్టినా సెట్టే, కప్పులూ సాసర్లూ కలిపితే అదీ సెట్టే. ఇంగ్లీషువాడికి మాటల కరువేమోనని నవ్వుకుంటూ రాస్తూ పోతే, మా డిక్షనరీ నలభై ఏడు దగ్గర చేతులెత్తేసింది. ఇంకో మూడు కావాలి. ఎంత గీరినా రాలేదు. అప్పుడు, ఇప్పటికీ తలుచుకుంటే నాకే నమ్మశక్యం కాదు, ఆ మూడూ నేనే కల్పించాను. ఎడ్లు నీళ్ళు తాగడానికి ఆగే చోటు అని ఒకటి రాశాను. గాలివాన వెలిసిన తర్వాతి నిశ్శబ్దం అని ఇంకొకటి. మూడోదానికి ఏమీ తోచక, ఆ వారమే మా ఇంటికి వచ్చిన కొత్త బావ గుర్తొచ్చి, అల్లుడికి పెట్టే తొలి భోజనం అని రాసేశాను. ఇంగ్లీషువాళ్ళకు మాత్రం అల్లుళ్ళుండరా అని సర్దిచెప్పుకున్నాను. పెద్ద డిక్షనరీల్లో ఆ మాటకు వందల అర్థాలు ఉన్నాయనీ, ఏదైనా లైబ్రరీ దాకా నడిచి ఉంటే కల్పించే పనే లేదనీ చాలా ఏళ్ళకు తెలిసి సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు సారు శాలువా కప్పుకుని వచ్చి గడగడా చదివేశారు. అందరూ తలలు వంచుకుని రాసుకున్నారు. మూడో వరసలో కృష్ణా జిల్లా వాళ్ళమ్మాయి ఒకతె ఉండేది, కర్మన్‌ఘాట్ నుంచి వచ్చేది. క్లాసు మొత్తానికి చురుకైన పిల్ల, వాళ్ళ నాన్నగారి డిక్షనరీ సంచీలో మోసుకొచ్చే పిల్ల. ఆ అమ్మాయి లేచి, “సార్, ఈ యాభయ్యోది డిక్షనరీలో లేదండీ” అంది. మా సారు మొహం ఎర్రబడింది. “నీ డిక్షనరీల లేకుంటే ఇంగ్లీషుల లేనట్టేనా? పరీక్షల నీకు డిక్షనరీ ఇస్తరా ఏంది?” అనేసరికి క్లాసంతా గొల్లుమంది. అంతటితో ఊరుకోక నా వైపు తిరిగి, “ఏమయ్యా, ఉన్నదా లేదా?” అని అడిగారు. ఉంది సార్ అన్నాను. నా నోటితోనే అన్నాను. ఆ అమ్మాయి కళ్ళనిండా నీళ్ళతో కూర్చుంది, మర్నాటి నుంచి రాలేదు.

పరీక్ష ఇంకా నెల ఉంది. నిజం చెప్పి ఆమెను మళ్ళీ క్లాసుకు తీసుకురావాలని, వారానికి ధైర్యం కూడగట్టుకుని బస్సెక్కి, కర్మన్‌ఘాట్ హనుమంతుడికి దణ్ణం పెట్టుకుని, వాళ్ళిల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. వాళ్ళమ్మగారు కుర్చీ వేసి కాఫీ ఇచ్చారు. నేను నోరు తెరిచేలోపే ఆ అమ్మాయి, “ఇంత దూరం మీరెందుకు వచ్చారండీ, తప్పు నాదే కదా” అంది. వాళ్ళ డిక్షనరీ పాతదట, అందులో అన్నీ ఉండవట, తను తొందరపడి సారుగారిని నలుగురిలో చిన్నబుచ్చిందట. ఇంగ్లీషు నీకు అచ్చిరాదమ్మా అని నాన్నగారు కూడా అన్నారట, పరీక్ష మానుకుందట. అంటూనే లోపలికి వెళ్ళి ఆ డిక్షనరీ తెచ్చి, ‘సెట్’ ఉన్న పేజీ తెరిచి చూపించింది. అచ్చులో ఉన్న అర్థాల కింద, నీలం సిరాతో, ముత్యాల్లాంటి అక్షరాలతో, అల్లుడికి పెట్టే తొలి భోజనం అని రాసుకుంది.

నిజం ఉన్న పుస్తకాన్ని నా అబద్ధంతో దిద్దుకున్న పిల్ల ఎదురుగా నిలబడి, తనే తప్పు చేసినట్టు నన్ను క్షమించమంటుంటే, నేను కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, వస్తానండీ అని వచ్చేశాను. ఒక్క మాట, ఒకే ఒక్క మాట చెప్పి ఉంటే ఆమె ఆ పరీక్ష రాసేది. చెబితే నా పని పోతుందని భయపడ్డాను. ఆ పని ఇంకో ఏడాదికి ఎలాగూ పోయింది.

ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఎవరూ డిక్షనరీ మోసుకుని తిరగనక్కరలేదు, ప్రపంచంలోని మాటలన్నీ ప్రతి పిల్ల చేతిలోనూ ఉన్నాయి. కాకపోతే వాటి మధ్య నా మూడు మాటలూ చేరిపోయాయి. ఆనాడు రెండు వందల మందిలో ఒక్కతె లేచి ఇది లేదండీ అంది, ఆ ఒక్కతెనూ నేను కూర్చోబెట్టాను. చెప్పవలసిన రోజున నన్ను నమ్మడానికి ఆ అమ్మాయి సిద్ధంగా ఉంది, నేనే చెప్పలేదు. ఇన్నేళ్ళకు నోరు తెరిచి, అది అబద్ధమమ్మా, రాసినవాణ్ని నేనే అంటే, నమ్మేవాళ్ళు లేరు.