బ్యాంకు పుస్తకం మూసేలోపు

కిందటి నెల ఒక శనివారం పొద్దున గిద్దలూరు బడిలో హాజరు పిలుస్తున్నాను. తర్లుపాడు నుంచి రైల్లో వచ్చిన గొర్రెల కాపరి ఒకడు గుమ్మం దగ్గర నిలబడి, "అయ్యవారూ, పెద్దాయన పోయినాడు. అక్క నీకు చెప్పి రమ్మన్నది" అన్నాడు. ఏ పెద్దాయన అని నేను అడగలేదు. హాజరు పట్టీ మూసి, పిల్లల్ని పక్క తరగతి అయ్యవారికి అప్పజెప్పి, మధ్యాహ్నం బండికే బయలుదేరాను.

ఆయన నాకు చుట్టం కాదు. మాది చర్చికి పోయే కుటుంబం, వాళ్లది తాతల నాటి నుంచీ గొర్రెల మంద. తర్లుపాడులో నేను పనిచేసిన తొమ్మిదేళ్లూ మా ఇళ్లు పక్కపక్కన. నేను ఆయన్ని పెద్దనాయనా అనేవాణ్ణి, ఆయన కూతుర్ని అక్కా అనేవాణ్ణి. ఆయన గురించి పత్రికకు రాస్తానంటే ఇక్కడి హెడ్మాస్టరు నవ్వాడు. "గొర్రెలు కాసుకునే మనిషి గురించి రాయడానికి ఏముందయ్యా?" అన్నాడు. ఒక సంగతి అర్థమయ్యే దాకా వదిలిపెట్టని మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. అందుకే రాస్తున్నాను, హెడ్మాస్టరు నవ్వితే నవ్వనీ.

పెద్దనాయన చేతిలో ఎప్పుడూ కదురు ఉండేది. సాయంత్రం మంద దొడ్డికి చేరాక మా అరుగు మీద కూర్చుని ఉన్ని వడుకుతూ మాట్లాడేవాడు. చెప్పింది అర్థమైతే కదురు తిరుగుతూ ఉండేది. అర్థం కాకపోతే ఆగేది. అది ఆగిందంటే నేను మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సిందే. "అర్థం కాలేదంటే తప్పేం లేదు అయ్యవారూ. అర్థమైనట్టు తలకాయ ఊపుతాం చూడు, అదే తప్పు" అనేవాడు. నేను బడిలో పిల్లలకు ఇప్పటికీ ఆ మాటే చెబుతున్నాను.

ఆయనకు కొడుకులు లేరు. ఉన్న ఒక్క కూతురు చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి వచ్చింది. మోకాళ్లు పట్టేసి మంద వెంట నడవలేని రోజులు రాగానే ఆయనకు దిగులు పట్టుకుంది. తాను పోతే గొర్రెల్ని తమ్ముడి కొడుకులు తోలుకుపోతారు, ఆ సంగతి ఊరంతటికీ తెలుసు. "మేత అడగనిది, కాపలా అడగనిది ఒకటి దాని పేరున ఉండాల" అన్నాడు ఒకరోజు. అదేమిటో అప్పటికి ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

మార్కాపురంలో పలకల షావుకారు ఒకాయన గుంటూరులోని ఒక బ్యాంకు షేర్లు పది అమ్ముతున్నాడని ఎవరో చెప్పారు. షేరంటే బ్యాంకులో వాటా అని, ఏడాదికోసారి ఆ వాటా మీద లాభం పంచుతారని, దాన్నే డివిడెండు అంటారని నేను నాకు తెలిసినంత చెప్పాను. నాకు తెలిసింది అంతే. పెద్దనాయన ముప్పై గొర్రెల్ని అమ్మాడు. మూడు వారాల పాటు తిరిగి తిరిగి బేరమాడి, మొదట చెప్పిన దానికంటే బాగా తక్కువకు ఆ పది షేర్లూ కొన్నాడు. షేరు కాగితాన్నీ, షావుకారు సంతకం పెట్టిచ్చిన బదిలీ కాగితాన్నీ గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టి తాళం వేశాడు. షావుకారు చేత ధర ఎట్లా దింపించాడో నెల రోజులు ఊరంతా చెప్పుకున్నాడు. ఆయన గొప్పలు పోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

తరవాత కొన్నాళ్లకు బ్యాంకు డివిడెండు పంచింది. డబ్బు షావుకారుకు వచ్చింది.

పెద్దనాయన నలుగురు కుల పెద్దల్ని వెంటబెట్టుకుని మార్కాపురం పోయాడు. చదవడానికి పనికొస్తానని నన్నూ రమ్మన్నాడు. షావుకారు దుకాణంలో చెక్క చట్రాలు బిగించిన పలకలు నిలువెత్తు పేర్చి ఉన్నాయి. వాటి మధ్య నిలబడి పెద్దల్ని ఒక్కటే అడిగాడు.

"చూడి గొర్రెను అమ్మితే పుట్టే పిల్ల ఎవరిది?"

"కొన్నోనిది" అన్నారు నలుగురూ. మా వైపు మందల్లో అందులో రెండో మాట లేదు. గొర్రె చేతులు మారితే కడుపులో ఉన్నది కూడా మారినట్టే.

"నేను కొన్నప్పటికే ఆ షేర్ల కడుపులో లాభం ఉండె. అది నాది గదా?"

షావుకారు కోపగించుకోలేదు. "మామా, బ్యాంకోళ్లు లాభం పంచేముందు కొన్నాళ్లు పేర్ల పుస్తకం మూస్తారు. మూసిన దినం అందులో ఎవరి పేరుంటే డబ్బు వాళ్లకే. నేను నీకు అమ్మింది మూసినాకనే. ఈ ఏటి లాభం నీకు రాదని తెలిసే ధర తగ్గించినా. నువ్వు మూడు వారాలు బేరమాడినావని గాదు" అన్నాడు.

దుకాణంలో అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, ఆపుకున్నాను. పెద్దనాయన కదురు ఆగిపోయింది.

పెద్దలు ఊరుకోలేదు. పుస్తకం సంగతి మనకెందుకు, న్యాయం మనవైపుంది, కొట్లాడదాం అన్నారు. ఆయన చెయ్యెత్తి ఆపాడు. "ఉండండి. ఈయన మోసగాడో, నేను తెలివిలేనోణ్ణో ముందు తెలియాల. తెలిసినాక కొట్లాడదాం."

పరీక్షలైన సెలవుల్లో ఇద్దరం గుంటూరు పోయాం. బ్యాంకులో గుమాస్తా పడుచువాడు, ఓపిక గలవాడు. మేమిచ్చిన కాగితాలు చూసి అట్టతో సహా జానెడు మందమున్న రిజిస్టరు తీశాడు.

"నా పేరు యాడుందో చూపించు నాయనా" అన్నాడు పెద్దనాయన.

"మీ పేరు లేదండీ. ఇప్పటికీ షావుకారు గారి పేరే ఉంది. ఈ బదిలీ కాగితం మాకు పంపకుండా మీ దగ్గరే ఉంచుకున్నారు కదా."

ఇంగ్లీషు చదువుకున్న అయ్యవారిని పక్కన పెట్టుకుని ఆయన ఆ కాగితాల్ని పెట్టెలో దాచుకున్నాడు. పంపమని చెప్పాల్సింది నేను. సిగ్గుపడ్డాను, ఆ మాట ఆయనతో అన్నాను కూడా. ఆయన నా వైపు చూడలేదు, గుమాస్తానే అడుగుతున్నాడు. ఎప్పుడు కొన్నామన్నది లెక్కా, డబ్బు ఎప్పుడిచ్చామన్నదా? రెండూ కావు, పుస్తకం మూసేలోపు కాగితం ఇక్కడికి చేరి పేరు మారిందా లేదా అన్నదే లెక్క అన్నాడతను. మూసిన మర్నాడే అమ్మేస్తే? అమ్మినా ఆ ఏటి డివిడెండు పేరున్న వాళ్లదే. మరి కొన్నోడి గతి? కొనేవాడు ఆ మేరకు ధర తగ్గించి ఇస్తాడు. ఇట్లా గంటసేపు అడిగాడు. వెనక వరసలో ఉన్నవాళ్లు విసుక్కున్నారు, ఆయన పట్టించుకోలేదు. చివరికి బదిలీ కాగితం మీద వేలిముద్ర వేసి అక్కడే ఇచ్చి, రసీదు తీసుకున్నాడు.

స్టేషనులో బండి కోసం కూర్చున్నప్పుడు సంచిలోంచి కదురు తీశాడు. చాలాసేపు అది చేతిలో ఊరికే ఉంది. ఉన్నట్టుండి తిరగడం మొదలుపెట్టింది.

"మనం చూడి గొర్రె అనుకున్నాం అయ్యవారూ, కాదు. ఇది ఉన్ని. కత్తెర పడిన దినం గొర్రె ఎవరి దొడ్లో ఉంటే ఉన్ని వాళ్లది. ఉన్ని తీసినాక గొర్రెను కొంటే ధర తక్కువే గదా. నేను ఉన్ని తీసిన గొర్రెను తక్కువకు కొని, ఉన్ని ఏదని కొట్లాటకు పోయినా."

మరుసటి సంతకు అదే దుకాణానికి, అదే నలుగురు పెద్దలతో పోయాడు. "తప్పు నాది. ఈయన సరిగ్గానే అమ్మినాడు" అని అందరి ముందూ చెప్పాడు. నవ్వినవాళ్లలో సగం మంది అక్కడే ఉన్నారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. షావుకారు లేచి తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

మరుసటి ఏడాది నుంచి డివిడెండు తప్పకుండా ఆయన పేరునే వచ్చింది. కొనకనమిట్ల నుంచి ఒక రైతు, అర్ధవీడు నుంచి ఇంకొకరు షేర్లు కొందామనుకుని సలహాకు వచ్చారు. ఇద్దరినీ ఒకటే అడిగాడు, పుస్తకం ఎప్పుడు మూస్తారో కనుక్కున్నారా అని. ఊళ్లో కుర్రకారు ఆయనకు పుస్తకం పెద్దాయన అని పేరు పెట్టారు. విని ఊరుకునేవాడు.

నిరుడు చలికాలంలో ఆయనకు దగ్గు పట్టుకుంది. వైద్యుడు పెదవి విరిచాక నన్ను పిలిపించి, షేర్లు అక్క పేరుకు మార్చాలన్నాడు. అప్పటికే బ్యాంకు నుంచి ప్రకటన వచ్చింది, పుస్తకం మూయడానికి తొమ్మిది రోజులే ఉంది. తమ్ముడి కొడుకులు వచ్చి మంచం చుట్టూ కూర్చున్నారు. "నువ్వు బతికుండంగనే ఏం తొందర పెద్దనాయనా? మేం లేమా అక్కను చూసుకునేదానికి?" అన్నాడు పెద్దవాడు.

"ఉన్నారు నాయనా. చూసుకోండి. దాని పేరు పుస్తకంలోకి ఎక్కినాక చూసుకోండి" అన్నాడు ఆయన.

తీసుకునేవాళ్లు కూడా బదిలీ కాగితం మీద సంతకం పెట్టాలి. అక్కకు చదువు రాదు. వేలిముద్ర చాలు అన్నాను. ఆయన ఒప్పుకోలేదు, పేరు రాయడం నేర్పమన్నాడు. అక్క నాలుగు రోజులు మార్కాపురం పలక మీద తన పేరు దిద్దింది. నాలుగో రోజుకు వచ్చింది గానీ చివరి అక్షరం కొమ్ము పక్కకు ఒరిగిపోయేది. కాగితం మీదా అట్లాగే పడింది. ఇంకో రోజు దిద్దిద్దామంటే పెద్దనాయన వద్దన్నాడు. "రోజులు లేవు. అమ్మా, ఇప్పుడెట్ల రాసినావో ఎప్పుడూ అట్లనే రాయి. బ్యాంకోళ్లు సంతకం పోల్చి చూస్తారు" అన్నాడు. ఆయన వేలిముద్రకు నేను సాక్షి సంతకం చేశాను. టపాలో వేస్తానంటే, వేయడం వేరు చేరడం వేరు అన్నాడు. బడికి సెలవు పెట్టి నేనే గుంటూరు పోయి ఇచ్చి వచ్చాను.

తిరిగి వచ్చేసరికి ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు.

"చేరిందా?"

"నా చేత్తో ఇచ్చినా పెద్దనాయనా. రసీదు ఉంది."

"పుస్తకం?"

"మూసేదానికి ఇంకా రెండు దినాలుంది."

దుప్పటి మీద ఆయన బొటనవేలు, చూపుడువేలు మెల్లగా కదిలాయి, ఉన్ని వడుకుతున్నట్టు.

ఆ తరవాత నెలకు నన్ను గిద్దలూరు బదిలీ చేశారు. ఆయన మరో మూడు వారాలు బతికాడు. నేను మధ్యాహ్నం బండికి పోయేసరికి మట్టి చేయడం కూడా అయిపోయింది, చివరి చూపు నాకు దక్కలేదు. అది నన్ను ఇంకా బాధిస్తోంది.

పెద్ద దినం కర్మకు మళ్లీ పోయాను. గొర్రెల్ని తమ్ముడి కొడుకులు అప్పటికే తోలుకుపోయారు, దొడ్డి ఖాళీగా ఉంది. అక్క లోపలి నుంచి ముందురోజు వచ్చిన కవరు తెచ్చి నా చేతికిచ్చింది. డివిడెండు. పేరు ఇంగ్లీషులో టైపు కొట్టి ఉంది.

"ఎవరి పేరుంది తమ్ముడూ?"

"నీదేనక్కా."

ఎక్కడుందో చూపించమంది. చూపించాను. దాని మీద వేలు పెట్టి ఆ చివరి నుంచి ఈ చివరికి జరిపింది. కన్నీళ్లు తుడుచుకుని, బ్యాంకుకు తిరిగి పంపాల్సిన రసీదు మీద సంతకం పెట్టడానికి కూర్చుంది. గూట్లో పలక ఉంది, దాని వంక చూడలేదు. అన్ని అక్షరాలూ ఇప్పుడు చక్కగా వచ్చాయి, ఇన్నాళ్లూ దిద్దుతూనే ఉందన్నమాట. చివరి అక్షరం దగ్గర చెయ్యి ఆగింది. తరవాత కొమ్మును, వాళ్ల నాయన చెప్పినట్టే, పక్కకు ఒరిగేలా రాసింది.