స్టార్టర్ డబ్బాకు ప్రార్థన

నా పెళ్లైన కొత్తలో, నారాయణఖేడ్ దగ్గరి మా పొలంలో బోరు మోటారు ఆగిపోయి చెరుకు ఎండసాగింది. టెస్ట్ బల్బు పెట్టి చూస్తే మూడు ఫేజుల్లోనూ వెలిగింది. అంటే కరెంటు వస్తోంది, లోపం స్టార్టర్ డబ్బాలోనే ఉండాలి. ఫ్యూజులు పీకి మూత తెరుద్దామనుకునేలోపే మా పాస్టరుగారు, మేనత్త మార్తమ్మ వచ్చారు.

“ముందుగాల ప్రార్థన చేద్దాం బిడ్డా” అంటూ పాస్టరుగారు భక్తిగా చెప్పులు విప్పి, రోగి తలమీద ఉంచినట్టే ఆ ఇనుప డబ్బా మీద చేయి ఉంచారు. “ప్రభువా” అనగానే ఎగిరి చెరుకు సాళ్లలో పడ్డారు.

“స్తోత్రం! అయ్యగారి మీద ఆత్మ దిగింది! నేను గూడ ముడ్త!” అని అత్త కూడా చెప్పులు విప్పి చేయి చాచింది.

“అత్తా, అది ఆత్మ గాదే, కరెంటు!” అని అరుస్తూ ఆమె కొంగు పట్టి వెనక్కి గుంజాను.

“చెరుకు సంగతి ఇగ తర్వాత, జర నన్ను లేపుండ్రి” అని సాళ్లలోంచి పాస్టరుగారి గొంతు వినిపించింది.

ఫ్యూజులు పీకి మూత తీస్తే, లోపల స్క్రూ నుంచి ఊడిన తీగ డబ్బాకు తగులుతోంది. బిగించగానే మోటారు నడిచింది.

ఆ రోజు ఇద్దరినీ కాపాడింది ప్రభువే, సందేహం లేదు. కాకపోతే, బైబిల్లో మండే పొద దగ్గర మోషేను చెప్పులు విప్పమన్న దేవుడు ఆ పొదకు త్రీఫేజ్ కనెక్షన్ ఇవ్వలేదని పాస్టరుగారికి మెల్లగా గుర్తు చేశాను.